1966 ఎంజీబీ డిక్కీలో దొరికిన స్పేర్ల పెట్టె: ఖాళీ గళ్ళు నింపాలా, అలాగే ఉంచాలా?

లెస్టర్_ఎంజీబీ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండులో లెస్టర్‌లో ఉంటాను, ఆసుపత్రిలో రేడియోగ్రాఫర్‌ని. మాది పశ్చిమ గోదావరి. పోయిన మార్చిలో మా పక్కింటి పెద్దాయన దగ్గర 1966 ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తెరిచే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొన్నాను. ఆయన దాన్ని పెళ్ళయిన కొత్తలో కొన్నారట. ఇప్పుడు మోకాళ్ళు వంగడం లేదు. అంత కిందికున్న సీట్లో కూర్చోవడం, లేవడం కష్టమై అమ్మేశారు. మధ్యలో ఇంకెవరి చేతికీ వెళ్ళలేదు.

డిక్కీ శుభ్రం చేస్తుంటే స్టెప్నీ వెనక దుప్పటి ముక్కలో చుట్టిన రేకు పెట్టె ఒకటి బయటపడింది. మూత లోపల టైపు చేసిన జాబితా అంటించి ఉంది, మొత్తం 14 వస్తువులు. రోటర్, డెల్కో మూత (డెల్కో అంటే ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, దాని లోపల తిరిగేది రోటర్), ఛాంపియన్ ఎన్9వై ప్లగ్గులు, లూకాస్ కంపెనీ బల్బులు, గాజు ఫ్యూజులు, ఎస్‌యూ పెట్రోల్ పంపు పాయింట్లు, కార్బురేటర్ నీడిలు, రాకర్ కవర్ కింద వేసే కార్క్ గ్యాస్కెట్, ఇలా పదీ ఉన్నాయి. నాలుగు గళ్ళు ఖాళీ: కాంటాక్ట్ పాయింట్లు (డెల్కోలో కరెంటును తెంచి కలుపుతూ స్పార్కు పుట్టించేవి), కండెన్సర్ (ఆ పాయింట్లు కాలిపోకుండా కాపాడేది), ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ పై గొట్టం. ఆ నాలుగింటి ఎదురుగానే పెన్సిల్‌తో ఏదో రాసి ఉంది గానీ చెరిగిపోయి చదవడానికి రావడం లేదు.

ఈ పెట్టెను చూస్తే నాకు మా నాన్నే గుర్తొచ్చారు. ఆయన తాడేపల్లిగూడెంలో అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. డ్యాష్‌బోర్డు కింద అరలో పాత బిస్కెట్ల డబ్బా ఉండేది, అందులో పాయింట్లు, కండెన్సర్, ఒక ప్లగ్గు, మడత పెట్టిన ఎమరీ పేపరు. రాత్రిపూట బండి ఆగితే నేను టార్చి పట్టుకునేదాన్ని, ఆయన డెల్కో మూత తీసి పాయింట్లు రుద్దేవారు. అందుకే ఈ పెట్టెను పూర్తి చేయాలని గట్టిగా అనిపిస్తోంది.

ఆత్రపడి ఒక తప్పు చేశాను. ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర "ఒరిజినల్, ఎప్పుడూ వాడనిది" అని ఉంటే పాయింట్లు, కండెన్సర్, రోటర్ కలిపి 85 పౌండ్లు పెట్టి కొన్నాను. వచ్చాక చూస్తే అట్టపెట్టె మాత్రమే పాతది, లోపలివి కొత్తగా చేసినవి. రెండు రోజులు నిద్ర పట్టలేదు, డబ్బు పోయినందుకంటే గుర్తుపట్టలేకపోయినందుకు.

నాకు తెలియాల్సినవి ఇవి. అసలువి ఎలా గుర్తుపట్టాలి? పెట్టెలో ఉన్న పాత సామాను బండికి వాడొచ్చా? ఆ నాలుగు గళ్ళు నింపడం సరైన పనేనా?

---

కోవెంట్రీ_పాతబండి జవాబు:

అమ్మా, ఏదీ కొనకముందు పక్కింటికి వెళ్ళండి. పెట్టె వాడిన మనిషి గోడ అవతలే ఉన్నారు. నేను 22 ఏళ్ళుగా ఈ కార్ల సామాను పోగేస్తున్నాను, నా దగ్గర మూడు పెట్టెలున్నాయి. మూడింటిలో ఒక్కదాని యజమానిని కూడా నేను చూడలేదు. ఎవరు, ఎక్కడ, ఎందుకు వాడారో చెప్పేవాళ్ళు లేరు. ఆ పెన్సిల్ గీతలు ఆయనకి చూపించండి. వెళ్ళేముందు పెట్టెను ఏటవాలు వెలుగులో, అంటే టార్చిని కాగితానికి పక్కగా ఆనించి ఫోటో తీయండి. పెన్సిల్ నొక్కిన గాడి నీడలో కనిపిస్తుంది. ఎక్స్‌రేలు తీయడం మీ ఉద్యోగమే కాబట్టి ఇది మీకు నాకంటే బాగా వస్తుంది.

ఇలాంటి పెట్టెల వెనక ఒక అలవాటు ఉంది. 60లలో ఇక్కడి జనం కారును ఓడలో వేసుకుని ఫ్రాన్స్, ఇటలీ వైపు సెలవులకు వెళ్ళడం బాగా పెరిగింది. అక్కడ ఇంగ్లీషు బండి సామాను దొరకడం కష్టం. అందుకని బయల్దేరేముందు స్పేర్ల పెట్టె తీసుకెళ్ళేవాళ్ళు. తిరిగొచ్చాక వాడినవాటికి డబ్బు కట్టి, మిగతాది వెనక్కి ఇచ్చేసే పద్ధతి ఉండేది. వెనక్కి వెళ్ళిపోయేవి కాబట్టే ఇళ్ళలో మిగిలినవి తక్కువ. మీ పెట్టె ఎందుకు మిగిలిందో అది కూడా ఆయన్నే అడగండి.

ఇక గుర్తుపట్టడం. ముందు మీ కారు ఎప్పుడు తయారైందో రుజువు సంపాదించండి. గేడన్‌లోని బ్రిటిష్ మోటర్ మ్యూజియం వాళ్ళు ఫ్యాక్టరీ రికార్డులు చూసి సర్టిఫికెట్ ఇస్తారు. అబింగ్డన్ ఫ్యాక్టరీలో ఏ తేదీన తయారైంది, ఏ రంగు, ఏ దేశానికి పంపారు, అన్నీ అందులో ఉంటాయి. ఆ తేదీ చేతిలో ఉంటే లూకాస్ సామాను చూడటం తేలిక. డెల్కో, బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో లాంటి పెద్దవాటి ఒంటి మీద తయారైన కాలం అంకెల్లో కొట్టి ఉంటుంది, చివరి రెండంకెలు సంవత్సరం. మీ డెల్కో మీద 25డీ4 అన్న మోడల్ పేరు పక్కనే వెతకండి. 66 గానీ 65 చివర గానీ ఉంటే ఫ్యాక్టరీలో పెట్టినదే అనుకోవచ్చు.

పాయింట్లు, కండెన్సర్ల లాంటి చిన్నవాటికి ఆ సదుపాయం లేదు. అక్కడ అట్టపెట్టె చూడాలి. 1966లో బీఎంసీ (అప్పట్లో ఎంజీ కార్లు చేసిన కంపెనీ) పేరు ఉండాలి. 1968లో దాని స్థానంలో బ్రిటిష్ లేలాండ్ ఏర్పడింది, వాళ్ళ విడి సామానుకి యూనిపార్ట్ పేరు 70లలో వచ్చింది. యూనిపార్ట్ డబ్బాలో ఉన్న సామాను మంచిదే అయి ఉండొచ్చు, కానీ 1966 పెట్టెలో పుట్టినది కాదు. మీకు జరిగినట్టు పాత అట్టలో కొత్త సామాను పెట్టి అమ్మేవాళ్ళు ఉన్నారు కాబట్టి అట్టను చూసి ఆగిపోవద్దు, లోపలిదాన్ని భూతద్దంతో చూడండి. రోటర్ నడుమ ఇత్తడి రివెట్ ఉందా? కొత్తగా చేసిన నాసిరకం వాటిలో ఆ రివెట్ లోపలికి పొడుగ్గా దిగి, కరెంటు అక్కడినుంచి షాఫ్ట్‌లోకి దూకుతుంది. బండి వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోతుంది, చల్లారాక మళ్ళీ స్టార్టవుతుంది. మీరు కొన్న రోటర్ అదే రకమైతే కారుకి పెట్టొద్దు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది: రబ్బరు. పాత రబ్బరు ఎంత మెరుస్తున్నా, సీలు విప్పని పొట్లంలో ఉన్నా, బండికి వేయొద్దు. నేను ఈ ముక్క దెబ్బ తిని నేర్చుకున్నాను. నా ఎంజీబీ జీటీకి బ్రేక్ మాస్టర్ సిలిండర్ సీళ్ళు పాత స్టాకువి దొరికితే మురిసిపోయి వేశాను. మూడు వారాలకి కెనిల్‌వర్త్ దగ్గర రౌండబౌట్‌లో పెడల్ నేలకి తగిలింది. హ్యాండ్ బ్రేకు లాగి, గేరు తగ్గించి గడ్డిలోకి ఎక్కించాను. పక్క సీట్లో మా ఆవిడ ఉంది. ఆ రోజు నుంచి బ్రేకు రబ్బరు, పెట్రోల్ గొట్టం, ఫ్యాన్ బెల్టు, ఈ మూడూ ఈ మధ్య తయారైనవే వాడుతున్నాను. పెట్రోల్ గొట్టానికి ఇంకో కారణం కూడా ఉంది. 2021 నుంచి ఇక్కడి మామూలు పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. అరవై ఏళ్ళ నాటి రబ్బరుకి అది సరిపడదు, లోపలినుంచి మెత్తబడి పొడిపొడిగా రాలి కార్బురేటర్లోకి వెళ్తుంది. మీ కారులో 5 శాతం ఉన్న ఖరీదైన పెట్రోలే పోయించండి.

పెట్టెలో బ్రేక్ ప్యాడ్లు గానీ, క్లచ్ ప్లేటు గానీ ఉన్నాయేమో రాయలేదు. ఉంటే ఆ పొట్లం విప్పొద్దు, దుమ్ము ఊదొద్దు. ఆ కాలం వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, బ్రిటన్‌లో 1999లో పూర్తిగా నిషేధించారు.

వాడదగ్గవి ఏవంటే బల్బులు, ఎస్‌యూ పంపు పాయింట్లు, డెల్కో మూత, ప్లగ్గులు. బల్బుల మీది లూకాస్ నంబర్లు నేటికీ చెల్లుతాయి: వెనక లైటుకి 380, ఇండికేటర్‌కి 382, మీటర్ల వెలుగుకి 987. ఫ్యూజు దగ్గర మాత్రం జాగ్రత్త. మీ కారుకి 35 ఆంపుల గాజు ఫ్యూజులు. లూకాస్ లెక్కలో 35 అంటే కాలిపోయే కొలత, ఎప్పుడూ మోయగలిగేది 17 దాకానే. అమెరికా పద్ధతిలో 35 అని ఉన్న ఫ్యూజు వేస్తే 35 ఆంపులూ మోస్తూ కూర్చుంటుంది, ఈలోపు వైరింగ్ కాలుతుంది. అసలు లూకాస్ ఫ్యూజులో గాజు లోపల అచ్చు వేసిన కాగితపు చీలిక ఉంటుంది. మీ పెట్టెలోవి అలా ఉంటే జాగ్రత్త చేసుకోండి.

దాచడం గురించి ఒక్కమాట. రబ్బరునీ రాగి, ఇత్తడి సామానునీ ఒకే ప్లాస్టిక్ సంచిలో పెట్టొద్దు. రబ్బరులోని గంధకం వల్ల రాగి నల్లబడుతుంది. ఒక్కొక్కటీ మైనపు కాగితంలో చుట్టండి. అట్టపెట్టెల మీది ధర చీటీలు పీకకండి, తుడవకండి.

నింపాలా అన్నదానికి నా మాట: వద్దు. ఆయన్ని కలిసొచ్చాక మళ్ళీ మాట్లాడుకుందాం.

పెట్టె స్టెప్నీ వెనక దొరికిందన్నారు కదా, ఆ మాట చూసి సంతోషం వేసింది. స్టెప్నీ అన్న పేరు వేల్స్‌లోని లనెలీ పట్టణంలో ఒక వీధిది. 1904లో అక్కడ స్పేరు చక్రం కనిపెట్టి, ఆ పేరుతో కంపెనీ పెట్టి అమ్మారు. ఇక్కడివాళ్ళు ఆ మాట ఎప్పుడో మర్చిపోయారు, మన తణుకు మెకానిక్కు మర్చిపోలేదు.

---

బెజవాడ_ఆటోనగర్ జవాబు:

అక్కా, మీ నాన్నగారి డబ్బా గురించి చదివి మా షాపే కళ్ళముందు కనిపించింది. మాది ఆటోనగర్‌లో అంబాసిడర్ సామాను షాపు, మా తాత పెట్టాడు. ఇప్పుడు అంబాసిడర్లు తగ్గిపోయాయి గానీ షాపు వెనక అరల్లో లూకాస్ టీవీఎస్ పాయింట్లు, కండెన్సర్లు ఇంకా ఉన్నాయి. అంబాసిడర్‌లో వచ్చిన 1489 సీసీ ఇంజనూ, పాత ఎంజీఏ 1500లో వచ్చిన ఇంజనూ ఒకటే కుటుంబం, బీఎంసీ బీ సిరీస్. మీ ఎంజీబీలోది అదే కుటుంబంలో పెద్దది, 1798 సీసీ. కాబట్టి మీ నాన్నగారు రాత్రిపూట విప్పింది మీ ఇప్పటి కారుకి వరసకి అన్నగారినే.

కోవెంట్రీ అంకుల్ నింపొద్దన్నారు గానీ నేను ఒప్పుకోను. జాబితాలో 14 రాసి ఉన్నప్పుడు 14 ఉండాలి. కస్టమర్‌కి ఇచ్చే కిట్‌లో ఒక వాషర్ తక్కువైనా మా తాత ఒప్పుకునేవాడు కాదు. మీ కారు డెల్కోలో ఉన్న పాయింట్ల ఫోటో, పక్కన స్కేలు పెట్టి పంపండి. సరిపోయేది ఉంటే పంపిస్తాను, డబ్బులొద్దు.

---

కోవెంట్రీ_పాతబండి జవాబు:

తమ్ముడూ, మీ మనసు గొప్పది. కొలత చూశాకే పంపుతానన్నారు, అది అసలైన షాపు వాళ్ళ మాట. బండిలో పెట్టుకుని తిరగడానికి మీ పాయింట్లు సరిపోతే నిశ్చింతగా వాడొచ్చు. కానీ ఈ పెట్టె లెక్క వేరు. ఆ నాలుగు పోగొట్టుకున్నవి కావు, దారిలో వాడినవి. జాబితాలో 14 ఉండటం ఎంత నిజమో, పెట్టెలో పదే ఉండటం అంత నిజం. అక్కడ వేరే సామాను తెచ్చి పెడితే, రేపు దాన్ని చూసేవాళ్ళకి ఈ కారు 1966 నుంచి ఒక్కసారి కూడా ఆగలేదన్న అబద్ధం చెప్పినట్టవుతుంది.

బండి కోసం రెండో పెట్టె కట్టుకోమనండి. అందులో పెట్టే ప్రతిదాన్నీ ముందు కారుకి బిగించి, కనీసం వంద మైళ్ళు నడిపి, పనిచేస్తుందని తేలాక విప్పి పెట్టెలో వేయాలి. ఈ రోజుల్లో వచ్చే కండెన్సర్లకి ఈ పరీక్ష తప్పనిసరి. నడిరోడ్డు మీద పాడైన కండెన్సర్ తీసి పాడైన కండెన్సర్ పెట్టుకుంటే అర్ధరాత్రి ఎవరినని అడుగుతాం? కొత్త పాయింట్లకి తుప్పు పట్టకుండా నూనె పూత ఉంటుంది, అది తుడవకపోతే స్పార్కు రాదు. గ్యాపు 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.38 మిల్లీమీటర్లు.

---

లెస్టర్_ఎంజీబీ (ఆరు రోజుల తర్వాత):

బాబాయి గారూ, తమ్ముడూ, ఇద్దరికీ చాలా థాంక్స్. నిన్న సాయంత్రం జంతికలు తీసుకుని పక్కింటికి వెళ్ళాను. టార్చి పక్కగా పెట్టి తీసిన ఫోటోలో రెండు మాటలే తేలాయి: "లియాన్", "68". ఆ ఫోటో చూపించగానే పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

ఫ్యాన్ బెల్టు 1968 ఆగస్టులో లియాన్ చేరకముందు తెగిందట. వాళ్ళావిడ గొడుగు పట్టుకుంటే ఆయన ఎండలో బెల్టు మార్చారట. పాయింట్లు, కండెన్సర్ ఆ ట్రిప్పులోనే, మోంబ్లాఁ సొరంగం దాటి ఇటలీలోకి దిగాక మార్చారు. నాలుగోది, రేడియేటర్ గొట్టం, అసలు ఈ కారుకి వాడనే లేదు. ఆవోస్తా దగ్గర రోడ్డు పక్కన ఆవిర్లు కక్కుతూ ఇంకో ఎంజీబీ ఆగి ఉంది. చిన్నపిల్లతో ఉన్న జంట, జర్మనీ వాళ్ళు. గొట్టం వాళ్ళకి ఇచ్చేశారు. వాళ్ళు డబ్బు ఇవ్వబోతే ఆవిడ తీసుకోనివ్వలేదట, ఒక బుట్ట ద్రాక్షపళ్ళు తీసుకున్నారట. ఆవిడ పోయి పదకొండేళ్ళయింది. ఆ జాబితా ఎదురుగా పెన్సిల్‌తో రాసింది కూడా ఆవిడే.

పెట్టె ఎందుకు మిగిలిందో కూడా చెప్పారు. తిరిగొచ్చాక నాలుగు వస్తువులకి డబ్బు కట్టి పెట్టె ఇచ్చేద్దామని వెళ్తే, ఆవిడే వద్దని, మొత్తం పెట్టెకి డబ్బు కట్టించి ఇంటికి తెచ్చిందట.

ఆ నాలుగు గళ్ళూ ఇక నింపను. ఆయన చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాశాను, ఆయన చేత చదివించి సంతకం చేయించుకున్నాను. ఆవిడ పేరు కూడా అందులో రాయమన్నారు. అది పెట్టెలో పెడతాను. డెల్కో మీద అంకెలు కూడా చూశాను, చివర 66. గేడన్ సర్టిఫికెట్‌కి రాశాను.

తమ్ముడూ, పాయింట్ల ఫోటో నీకు పంపాను. సరిపోతే అవి రెండో పెట్టెలోకి. మా నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "కండెన్సర్లు రెండు పెట్టుకో, ఎమరీ పేపరు మర్చిపోకు" అన్నారు. ఆయన బిస్కెట్ల డబ్బా ఇంకా అటక మీద ఉందట. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు తెచ్చుకుంటాను, రెండో పెట్టెగా అదే వాడతాను.

బాబాయి గారూ, ఫిబ్రవరిలో స్టోన్‌లీ పార్క్‌లో ఎంజీ సామాను సంత ఉంటుందని విన్నాను. మీరు వెళ్తారా? నాతో ఎవరైనా ఉంటే ధైర్యంగా ఉంటుంది.

---

కోవెంట్రీ_పాతబండి జవాబు:

తప్పకుండా వస్తానమ్మా. స్టోన్‌లీ మా ఇంటికి దగ్గరే. తలుపులు తీసే వేళకే ఉండాలి, మంచి సామాను మొదటి గంటలోనే పోతుంది. నా దగ్గర రివెట్ లేని రోటర్లు మూడున్నాయి, ఒకటి మీకు తెస్తాను. నా బండిలో నడిపి చూసినదే.

మీ కారుకి ఇప్పుడున్న ఫ్యాన్ బెల్టు మీద నంబరు రాసుకుని రండి. మీది డైనమో బండి, 1967 చివర నుంచి వచ్చినవి ఆల్టర్నేటర్‌వి, బల్ల మీద రెండు రకాల బెల్టులూ కలిపి పోసి అమ్ముతారు. పెద్దాయనకి ఓపిక ఉంటే ఆయన్ని కూడా తీసుకురండి. నా కారులో సీటు ఎత్తుగా ఉంటుంది, లెస్టర్ వచ్చి నేనే ఎక్కించుకుంటాను.